టెక్కెన్ 3లో కట్టె మనిషితో గెలవడం ఎలా

టెక్కెన్ 3 అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో కట్టె మనిషి మోకుజిన్‌ను ఎంచుకుంటే ఒక చిక్కుంది. రౌండ్ మొదలయ్యేదాకా మీ చేతిలో ఎవరున్నారో మీకే తెలియదు. వీడికి సొంత దెబ్బ ఒక్కటీ లేదు. ఆటలో ఉన్న మిగతావాళ్లలో ఎవరో ఒకరి స్టైల్ ఎత్తుకుని దిగుతాడు, తర్వాతి రౌండ్‌కి దాన్ని వదిలేసి ఇంకొకరిది పట్టుకుంటాడు. అందుకే మా రాజమండ్రి వీడియో గేమ్ షాపులో ఎవరూ వీణ్ణి ముట్టుకునేవాళ్లు కాదు. ఓడినవాడు లేచి జాయ్‌స్టిక్ పక్కవాడికి ఇచ్చేయాలనేది అక్కడి రూలు. గంటకి పదిహేను రూపాయలు పెట్టి, ఏం వస్తుందో తెలియని బొమ్మతో ఎవడు ఆడతాడు?

నేను ఆడాను. ఆడీ ఆడీ ఒక పద్ధతి పట్టుకున్నాను. ఇప్పుడు మా అక్క కొడుక్కి నేర్పుతున్నాను కాబట్టి మీకూ చెప్తున్నా.

ముందు వీడి కథ. చెప్పడానికి పెద్దగా ఏం లేదు. 1997లో టెక్కెన్ 3 ఆర్కేడ్ మెషిన్లలోకి వచ్చినప్పుడు మొదటిసారి కనిపించాడు. మరుసటి ఏడాది ప్లేస్టేషన్‌కి వచ్చాడు. మోకుజిన్ అంటే జపనీస్‌లో కట్టె మనిషి అనే. 2000 ఏళ్ల నాటి ఓక్ చెట్టు కట్టెతో చేసిన ప్రాక్టీసు బొమ్మ. లోకంలో పెద్ద చెడు నిద్రలేస్తే వీడిలోనూ ప్రాణం కదులుతుంది. ఈ ఆటలో విలన్ ఓగర్ లేచాడు కాబట్టి వీడూ లేచాడు. అంతే కథ. అదే ఆటలో హెయిహాచి కన్నకొడుకును లోయలోకి విసిరేసిన ఘనుడు. జిన్‌కి తల్లిని పోగొట్టుకున్న కసి, కింగ్‌కి గురువును చంపినవాడి మీద పగ. మన కట్టె మనిషికి మాట కూడా లేదు. టెక్కెన్ 4లో వీడి పనిని కాంబాట్ అనే రోబోకి అప్పగించారు. 5లో మళ్లీ తెచ్చారు, 7లో మళ్లీ వదిలేశారు. 8 విడుదలైనప్పటి 32 మందిలోనూ లేడు. నాకైతే మనసు చివుక్కుమంది.

మోకుజిన్ మొదట్లోనే దొరకడు. ఆర్కేడ్ మోడ్‌ను ఒక్కో పాత్రతో పూర్తి చేస్తూ పోతే దాగి ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బయటికొస్తారు, ఆ వరసలో వీడూ వస్తాడు. మెమరీ కార్డులో సేవ్ చేసుకోండి. మా షాపులో మెమరీ కార్డు లేదు. ఓనరు పొద్దున్నే ఓపిగ్గా అందరినీ బయటికి తెచ్చి, రాత్రిదాకా ప్లేస్టేషన్ ఆపేవాడు కాదు. మధ్యాహ్నం కరెంటు పోయిందా, కథ మళ్లీ మొదటికే. మళ్లీ మోకుజిన్ దాకా రావడానికి ఎవరి డబ్బులు ఖర్చు పెట్టాలన్న దాని మీద రోజూ గొడవే.

ఇక అసలు పని. ‘ఫైట్’ అనే లోపు మీ బొమ్మ నిలబడిన తీరు చూడండి. బటన్ల మీద వేళ్లు పెట్టండి కానీ నొక్కకండి. కట్టె ఒళ్లు మారదు, నిలబడే తీరు మాత్రం ఎవరి స్టైల్ వస్తే వాళ్లదే.

అన్నిటికన్నా తేలిగ్గా దొరికిపోయేది ఎడ్డీ. ఒళ్లంతా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, ఒక్క క్షణం కుదురుండదు. అది బ్రెజిల్ కపొయెరా. షాపులో మేం ‘డాన్సు’ అనేవాళ్లం. ఊగుడు కనిపిస్తే ఆలోచన అక్కర్లేదు, రెండు కిక్ బటన్లే, క్రాస్, సర్కిల్. కొత్తవాడు కళ్లు మూసుకుని కొట్టినా ఏదో ఒకటి తగులుతుంది.

కాళ్ల మీద తేలిగ్గా గెంతుతుంటే లా గానీ, హ్వొరాంగ్ గానీ. నేను మొదట్లో ఈ ఇద్దరి దగ్గరే తికమకపడేవాణ్ణి. అనుమానం వస్తే క్రాస్ రెండుసార్లు నొక్కండి. ఎడమ కాలు దింపకుండా టపటపా వరస తన్నులు వస్తే హ్వొరాంగ్, టైక్వాండో. ఇక చేతుల మాట మర్చిపోయి కాళ్లతోనే కానిచ్చేయండి.

బరువుగా, వెడల్పుగా నిలబడితే పాల్ కావచ్చు. వాడి కోసం ఒక్కటి నేర్చుకుంటే చాలు: కింద, కింద-ముందు మూల, ముందు, ట్రయాంగిల్. తగిలితే సగం ప్రాణం పోయినట్టే ఉంటుంది. ఎదుటివాడు బ్లాక్ చేశాడంటే మాత్రం మీ చెయ్యి వెనక్కి వచ్చేలోపు తిరిగి కొడతాడు. అందుకే రౌండ్‌కి ఒకటి రెండుసార్లే, ఎదుటివాడి దెబ్బ తగలకుండా గాల్లో పోయినప్పుడే వాడండి.

జిన్‌కీ, హెయిహాచికీ పాఠం ఒకటే: ముందుకు నొక్కి వదిలేయండి, తర్వాత కింద, కింద-ముందు మూల, ట్రయాంగిల్. తగిలినవాడు గాల్లోకి లేస్తాడు. ఇద్దరిలో ఎవరన్నది తేలకపోయినా ఇది పనిచేస్తుంది, అదే మనకి కలిసొచ్చే సంగతి.

కుస్తీ పట్టు వాలకం కనిపిస్తే కింగ్. ముందుకు ఒకసారి నొక్కి, వెనక నుంచి కింద మీదుగా ముందుకు అరచక్రం తిప్పి స్క్వేర్ నొక్కండి. ఎదుటివాడి కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పి విసిరేస్తాడు. ఎదుటివాడు వంగి ఉంటే పట్టు దొరకదు. ముందు వంగినవాడికీ తగిలే మిడ్ దెబ్బలు (నడుము ఎత్తువి) రెండు వేసి నిలబడేలా చేసి, అప్పుడు పట్టుకోవాలి.

జియాయు, బ్రయాన్, గన్ జాక్ గురించి వివరంగా చెప్పను. ఒకటి రెండు రోజులు ఆడితే అవే కంటికి అలవాటవుతాయి.

ఎంత చూసినా పోలికలు దొరకని రౌండ్లు ఉంటాయి. అప్పుడు టెన్షన్ పడి అన్ని బటన్లూ నొక్కేయకండి. ఎవరి స్టైల్ వచ్చినా పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. స్క్వేర్‌తో చిన్న గుద్దు అందరికీ ఉంది, అందరికీ త్వరగానే వస్తుంది. స్క్వేర్-క్రాస్ కలిపి నొక్కితే ఒక పట్టు, ట్రయాంగిల్-సర్కిల్ కలిపితే ఇంకో పట్టు. వంగి కూర్చున్న చోటి నుంచి లేస్తూ సర్కిల్ నొక్కితే తన్ను. ఈ నాలుగిటితో పది సెకన్లు గడపండి, ఈలోపు ఏదో ఒక కదలికతో బొమ్మ బయటపడిపోతుంది.

ఇదంతా బుర్రకెక్కాలంటే ఆప్షన్స్‌లోకి వెళ్లి రౌండ్ల సంఖ్య ఎక్కువ పెట్టుకోండి. రౌండ్లు పెరిగినకొద్దీ ఒక్క ఆటలోనే ఎక్కువ స్టైళ్లు చూస్తారు. మేం ఇంట్లో ఇంకో పందెం పెట్టుకున్నాం. ‘ఫైట్’ అనకముందే పేరు పైకి చెప్పాలి. తప్పు చెప్పినవాడు ఆ రౌండ్‌లో మొదటి దెబ్బ ఊరికే తినాలి.

ఎదుటివాడే మోకుజిన్‌ను పట్టుకుంటే ఇదే పని తిరగేసి చేయాలి, మీ బొమ్మ కన్నా ముందు అవతలిది చూడాలి. కింగ్ అయితే వంగండి. పాల్ అయితే బ్లాక్ చేసి కొట్టండి. లే అనేవాడైతే మాత్రం జాగ్రత్త. ఐదు జంతువుల కుంగ్‌ఫూ, తాగుబోతు తూలుడు, అన్నీ ఉన్నాయి వాడికి. పైగా ఎవరూ కొట్టకుండానే నేల మీద పడుకుంటాడు, పడుకున్న చోటి నుంచే తంతాడు.

మొన్న ఆదివారం మా మేనల్లుడు కట్టె మనిషిని తీసుకున్నాడు. రెండో రౌండ్‌లో బొమ్మ తూలుతుంటే, నేను నోరు తెరిచేలోపే “లే!” అని అరిచాడు. వెంటనే బొమ్మ వెల్లకిలా పడిపోయింది. వాడు ఏదో తప్పు బటన్ నొక్కాడనుకుని, పాపం లేవనీలే అని నేను ఆగాను. “మావయ్యా, నువ్వే కదా చెప్పావు” అంటూ కింద నుంచే తన్నాడు.