పెద్ద తోటకు తగిన లీఫ్ బ్లోయర్‌ను ఎలా ఎంచుకోవాలి?

రాలిన ఆకును గాలితో ఊది పక్కకు నెట్టే, వీపుకు తగిలించుకునే లీఫ్ బ్లోయర్ కొనడానికి వెళ్లినవారు మన ప్రాంతంలో దాదాపు రెండే ప్రశ్నలు అడుగుతారు: ఇంజిన్ ఎన్ని సీసీలు, గాలి వేగం ఎంత. ఆ రెండు అంకెలు చూసి కొన్న యంత్రాలు రెండో వేసవి వచ్చేసరికి మోటారు గదిలో ఒక మూలకు చేరడం అనంతపురం చుట్టుపక్కల తోటల్లో నేను చాలాసార్లు చూశాను. యంత్రం చెడిపోయి కాదు. ఆ స్థలానికీ, అక్కడి ఆకుకూ, దాన్ని మోసే మనిషికీ అది సరిపోలేదు. నిజానికి చూడవలసింది పైపు చివరి నుంచి గంటకు ఎంత గాలి బయటికి వస్తుందన్నది. దాన్ని ఎలా చదవాలో, దుకాణంలోనే ఎలా సరిచూసుకోవాలో వివరంగా చెబుతాను. మిగిలిన పనులు తేలిక కాబట్టి వాటి గురించి క్లుప్తంగా చెబితే చాలు.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక టేపు, ఫోన్‌లో కాలిక్యులేటర్, మీ తోటలో రాలిన ఆకులు నింపిన గోనె సంచి తీసుకువెళ్లండి. యంత్రాన్ని రోజూ మోయబోయే మనిషిని తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. ఆ మనిషి లేకుండా బ్లోయర్ కొనకూడదు.

1. శుభ్రం చేయవలసిన స్థలాన్ని లెక్కగట్టండి

పట్టాదారు పాసుపుస్తకంలోని ఎకరాలు ఇక్కడ లెక్కకు రావు. ఎనిమిది ఎకరాల చీనీ (బత్తాయి) తోటలో ఊడ్చవలసింది బండ్ల దారి, ఇంటి ముంగిలి, కంచె వెంబడి నిప్పు పాకకుండా వదిలే పట్టీ, డ్రిప్ ఫిల్టర్ల చుట్టూ ఉన్న జాగా మాత్రమే. చెట్ల పాదుల్లోని ఆకును కదిలించకూడదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో పాదులోని తేమను కాపాడేది ఆ ఆకే. దాన్ని ఊది పారేసి, మళ్లీ డబ్బు పెట్టి మల్చింగ్ షీటు కొనడం అర్థం లేని పని.

ఆ తరువాత ఆకును, నేలను చూడండి. వేప, కానుగ ఆకులు ఎండితే తేలిగ్గా లేచిపోతాయి. మామిడి, టేకు ఆకులు బరువైనవి, వాటికి గాలి ఎక్కువ కావాలి. కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచిన ముంగిట్లో చింతాకు రాలితే అది సందుల్లో ఇరుక్కుంటుంది. పొద్దున మంచుకు తడిసి, దుమ్ముతో కలిసి అంటుకుపోయిన ఆ సన్నాకును లేపడానికి పైపు చివర తగిలించే మూతి, అంటే నాజిల్, బల్లపరుపుది కావాలి. ఎర్ర గరుసు నేల మీద ఇందుకు పూర్తిగా విరుద్ధం: అక్కడ వేగం ఎక్కువైతే ఆకుతో పాటు మన్నూ లేస్తుంది.

2. యంత్రం తరగతిని నిర్ణయించుకోండి

ఊడ్చే జాగా ఎకరం లోపు ఉంటే చేత్తో పట్టుకునే బ్లోయర్ చాలు. ఒకటి నుంచి మూడెకరాల వరకు 50 సీసీ తరగతి, అంతకు మించితే, లేదా మామిడి, టేకు చెట్లు ఎక్కువగా ఉంటే, 65 నుంచి 80 సీసీ తరగతి చూడాలి. పూర్తి వేగంతో నడిపితే ఈ పెద్ద యంత్రాలు గంటకు ఒకటిన్నర నుంచి రెండున్నర లీటర్ల పెట్రోలు తాగుతాయి. బ్యాటరీ యంత్రాలు చప్పుడు తక్కువ చేస్తాయి, ఇంటి ఆవరణకు బాగుంటాయి. ఆగకుండా రెండు మూడు గంటలు ఊదవలసిన తోటకు నేను వాటిని ఒప్పుకోను.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌నే ట్యాంకు తీసేసి బ్లోయర్‌గా వాడుకోవచ్చని కొందరు అమ్మకందారులు చెబుతారు. దాని ఫ్యాన్‌ను మందును తుంపరలుగా మార్చి చెట్టు మీదికి పంపడం కోసం తయారుచేస్తారు. ఇంటి ముందు నాలుగు ఆకులు ఊదడానికి అది పనికిరావచ్చు గాని పెద్ద స్థలానికి పనికిరాదు. రెండు పనులకూ ఒకే యంత్రం అన్న మాట విని కొనవద్దు.

3. గాలి అంకెలను చదవండి, కొలిచి సరిచూడండి

అందరూ పొరబడేది ఈ దశలోనే. కనుక దీన్ని నిదానంగా చదవండి.

పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి గాలి వేగం. దాన్ని సెకనుకు మీటర్లలోనో, గంటకు కిలోమీటర్లలోనో, గంటకు మైళ్లలోనో ముద్రిస్తారు. రెండోది గాలి పరిమాణం. దాన్ని గంటకు ఘనపు మీటర్లలోనో, సీఎఫ్ఎం అనే నిమిషానికి ఘనపుటడుగుల లెక్కలోనో ఇస్తారు. పోల్చే ముందు అన్నింటినీ ఒకే కొలతలోకి మార్చుకోవాలి. మైళ్లను 1.6తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి, గంటకు కిలోమీటర్లను 3.6తో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి, సీఎఫ్ఎంను 1.7తో గుణిస్తే గంటకు ఘనపు మీటర్లు వస్తాయి.

చిక్కు ఏమిటంటే, ఈ రెండు అంకెలను ఒకే స్థితిలో కొలిచి ఉండకపోవచ్చు. వేగాన్ని అతి సన్నని నాజిల్ తగిలించి కొలుస్తారు, ఎందుకంటే సందు ఇరుకైతే వేగం పెరుగుతుంది. పరిమాణాన్ని పైపే లేకుండా ఫ్యాన్ గూడు దగ్గర కొలుస్తారు, ఎందుకంటే అడ్డు లేనప్పుడు గాలి ఎక్కువ వస్తుంది. రెండూ విడివిడిగా నిజమే కావచ్చు, కానీ ఒకే సమయంలో ఆ రెండూ మీ చేతికి రావు. కాబట్టి పైపు, గుండ్రటి నాజిల్ తగిలించినప్పుడు వచ్చే పరిమాణం ఎంత అని అడగండి. మంచి కంపెనీల మాన్యువల్‌లో అది విడిగా ముద్రించి ఉంటుంది. అమ్మే మనిషికి తెలియకపోతే టేపు తీయండి.

గుండ్రటి నాజిల్ మూతి లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో కొలవండి. ప్లాస్టిక్ మందం అందులో కలవకూడదు. ఆ వ్యాసాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని సెకనుకు మీటర్లలో ఉన్న వేగంతో గుణించి, చివరికి 0.28తో గుణించండి. ఆ నాజిల్ గుండా గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి రాగలదో తేలుతుంది. ఒక ఉదాహరణ చూడండి. పెట్టె మీద వేగం 100 మీటర్లు, పరిమాణం 1,500 ఘనపు మీటర్లు అని ఉంది. నాజిల్ మూతి 5 సెంటీమీటర్లు. లెక్క వేస్తే వచ్చేది 700. ఆ 1,500 మరెక్కడో కొలిచిన అంకె అని అక్కడే తేలిపోతుంది. పక్కనున్న యంత్రం మూతి 8 సెంటీమీటర్లు, వేగం 80 మీటర్లు మాత్రమే అయితే దాని నుంచి వచ్చేది సుమారు 1,430 ఘనపు మీటర్లు.

ఇప్పుడు తోపుడు బలం లెక్క. ఈ పరిమాణాన్ని వేగంతో గుణించి 3,000తో భాగిస్తే బలం న్యూటన్లలో వస్తుంది. మొదటి యంత్రానికి 23 న్యూటన్లు, రెండోదానికి 38. అమెరికాలో బ్లోయర్ల కోసం రూపొందించిన ఏఎన్ఎస్ఐ బి175.2 ప్రమాణం కూడా బలాన్ని న్యూటన్లలోనే కొలుస్తుంది. కొన్ని కంపెనీలు ఆ అంకెను నేరుగా ముద్రిస్తాయి. అది ఉంటే సీసీలను పక్కన పెట్టి దానితోనే పోల్చండి. మూడెకరాలకు మించి ఊడ్చవలసినవారు 30 న్యూటన్లకు తక్కువైన యంత్రాన్ని ముట్టుకోవద్దు.

వేగం తక్కువున్న యంత్రం ఎలా గెలుస్తుందని చాలామంది నమ్మలేరు. నాజిల్ నుంచి వచ్చిన గాలి ధార, మూతి వ్యాసానికి దాదాపు ఆరు రెట్ల దూరం వరకే తన వేగాన్ని నిలుపుకుంటుంది. అక్కడి నుంచి దూరం రెట్టింపైతే వేగం సగమవుతుంది. 5 సెంటీమీటర్ల మూతి నుంచి గంటకు 360 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన గాలి 30 సెంటీమీటర్లు దాటగానే నీరసించడం మొదలై, మూడు మీటర్ల దూరానికి సుమారు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. 8 సెంటీమీటర్ల మూతి నుంచి 288 కిలోమీటర్లతో బయలుదేరినది అదే దూరంలో సుమారు 46 కిలోమీటర్లతో ఉంటుంది. తోటలో మనిషి నిలబడి ఊదేది ఆ మూడు మీటర్ల మేరనే కదా. దుకాణం ముందు యంత్రం స్టార్ట్ చేసి, కాగితం ముక్కల కుప్పకు అడుగు దూరంలో నాజిల్ పెట్టి చూపిస్తారు. ఆ దూరంలో సన్న మూతి యంత్రమే గొప్పగా కనిపిస్తుంది. ఆ ప్రదర్శన చూసి డబ్బు కట్టవద్దు.

మీ పరీక్ష మీరే పెట్టుకోండి. సంచిలోని ఆకును నాజిల్ నుంచి మూడు మీటర్ల దూరంలో పరచండి. నాజిల్‌ను మోకాలి ఎత్తులో, నేలకు కాస్త వాలుగా పట్టి పూర్తి వేగం ఇవ్వండి. తడి ఆరని మామిడాకు ఆ దూరంలో దొర్లుకుంటూ పోవాలి. అంచు మాత్రమే లేచి మళ్లీ పడిపోతే ఆ యంత్రం మీకు చాలదు. తరువాత వేగాన్ని సగానికి తగ్గించి వేపాకు మీద ప్రయత్నించండి. ఆకు పోవాలి, మన్ను లేవకూడదు. ఎర్ర నేలల్లో పనంతా ఈ సగం వేగంలోనే జరగాలి. సగం వేగానికే పని చక్కబెట్టే పెద్ద యంత్రాన్ని కొనడం, చిన్నదాన్ని రోజంతా పూర్తి వేగంతో ఉరికించడం కంటే ఎప్పుడూ మేలు. ఇంజిన్‌కు ఆయుష్షు పెరుగుతుంది, ఫిల్టర్‌కు దుమ్ము తగ్గుతుంది.

ఇంకొక్క విషయం. నేను చెప్పిన లెక్కకు ఆధారం సముద్ర మట్టం వద్ద, 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో ఉండే గాలి సాంద్రత. అనంతపురం సముద్ర మట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి దానికంటే పదో వంతు పలుచగా ఉంటుంది. కాగితం మీది 38 న్యూటన్లు ఇక్కడ 34కు దిగుతాయి. అదే పలుచని గాలిని పీల్చే ఇంజిన్ కూడా కొంత మందగిస్తుంది. అందువల్ల లెక్కకు సరిగ్గా సరిపోయేది కాకుండా ఒక మెట్టు పైనున్నది తీసుకోవాలి.

4. వీపుకు తగిలించి చూడండి

కరపత్రంలో రాసే బరువు ఖాళీ ట్యాంకుది. పెద్ద యంత్రాలు ఖాళీగానే పది, పదకొండు కిలోలు ఉంటాయి. రెండు లీటర్ల పెట్రోలు పోస్తే మరో కిలోన్నర చేరుతుంది. ట్యాంకు నింపించే తగిలించి చూడాలి. మోయబోయే మనిషి దాన్ని వేసుకుని కనీసం పావుగంట అటూ ఇటూ నడవాలి, వంగాలి, తిరగాలి. బరువు భుజాల మీద కాక నడుము మీద కూర్చోవాలి. నడుము పట్టీ లేని యంత్రాన్ని గంటకు మించిన పనికి కొనవద్దు. పూర్తి వేగంలో గాలి ఎదురు తోపు నాలుగు కిలోల వరకు చేతి మీద పడుతుంది, పైపు ఒక పక్కకు లాగుతుంది. ఆ లాగుడు మణికట్టుకు తెలియనంతగా ఉంటే అది మంచి యంత్రం. వేగం పెంచే ట్రిగ్గర్ పైపు పిడి మీదే ఉండాలి. నడుము పక్కన విడిగా కడ్డీ ఉండే రకంలో రెండు చేతులూ ఇరుక్కుంటాయి.

5. ఫిల్టర్, పెట్రోలు, విడిభాగాలు

మూత తెరిపించి గాలి ఫిల్టర్ చూడండి. మడతలు మడతలుగా ఉన్న కాగితం ఫిల్టర్, దాని మీద స్పాంజి పొర, రెండూ ఉండాలి. ఒట్టి స్పాంజి ఒక్కటే ఉంటే మన ఎర్ర దుమ్ము సిలిండర్‌లోకి దారి చేసుకుంటుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. చాలా బ్లోయర్ల మాన్యువళ్లు 10 శాతానికి మించిన ఇథనాల్ వద్దంటాయి. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు ఈ మోడల్ పనికివస్తుందో లేదో అమ్మేవారిని అడిగి, జవాబును బిల్లు మీద రాయించుకోండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కార్బొరేటర్‌లోని రబ్బరు భాగాలను పాడుచేస్తుంది. వారం రోజులకు మించి యంత్రాన్ని పక్కన పెట్టేటట్లయితే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేవరకు నడిపి, ఆ తరువాతే లోపల పెట్టాలి. పెట్రోలులో కలపవలసిన ఆయిల్ నిష్పత్తి 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. కొలత మూతతోనే పోయండి, కంటి అంచనాతో వద్దు. స్టిల్ కంపెనీ ఫోర్-మిక్స్ ఇంజిన్ల పేరు చూసి, అవి బైకుల్లోని ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ల లాంటివేనని, వాటికి ఆయిల్ కలపనక్కర్లేదని అనుకునేవారున్నారు. వాటికీ ఆయిల్ కలిపిన పెట్రోలే పోయాలి.

ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, స్టార్టర్ తాడు, కార్బొరేటర్ కిట్టు మీ ఊళ్లోనో దగ్గరి పట్టణంలోనో దొరుకుతాయా అని అడిగి ఊరుకోవద్దు, బయటికి తీసి చూపించమనండి. చూపించలేని దుకాణంలో ఎంత తగ్గింపు ఇచ్చినా కొనవద్దు. రెండు ఫిల్టర్లు, ఒక ప్లగ్గు యంత్రంతో పాటే కొనండి. ఈ యంత్రాల చప్పుడు మోసేవారి చెవి దగ్గర 100 డెసిబెళ్ల దాకా ఉంటుంది, 85 దాటితే చాలు, వినికిడికి ముప్పు. కాబట్టి చెవులను మూసే మఫ్‌లు, పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు, దుమ్ము మాస్కు అదే బిల్లులో వేయించి, మోసే మనిషి చేతికి అక్కడే ఇవ్వండి.