స్పానిష్ ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్: ఒడిశా సరిహద్దు తెలుగువారికి

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగిన పర్లాకిమిడి, రాయగడ, బరంపురం విద్యార్థులు స్పానిష్‌లోని ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్ (ఊహించిన షరతునో, గతంలో కోరుకున్న పనినో చెప్పే క్రియారూపం) దగ్గర తడబడడానికి ఆ రూపాలు కారణం కావు. వాటిని వాక్యంలో ఏ సగంలో పెట్టాలన్నదే అసలు చిక్కు. ముందుగా రూపాల సంగతి చూద్దాం. ఇక్కడ స్పానిష్ మాటలను తెలుగు లిపిలో రాసేటప్పుడు, వీలైనంతవరకు ఊనిక పడే చోట దీర్ఘం ఇచ్చాను.

అబ్లార్ (మాట్లాడు), కొమేర్ (తిను), బివీర్ (నివసించు) అనే మూడు క్రియలను తీసుకుని, ప్రెటెరిట్ అనే భూతకాలంలో వాటి ‘వారు’ రూపాన్ని గుర్తు చేసుకోండి: అబ్లారొన్, కొమ్యేరొన్, బివ్యేరొన్. చివరి ‘రొన్’ తీసివేసి, మిగిలిన దానికి వరుసగా ర, రస్, ర, రమొస్, రయిస్, రన్ చేర్చితే ఆరు రూపాలూ (నేను, నువ్వు, అతడు, మేము, మీరు, వారు) వస్తాయి. అబ్లార, అబ్లారస్, అబ్లార, అబ్లారమొస్, అబ్లారయిస్, అబ్లారన్. అదే విధంగా కొమ్యేర, బివ్యేర. ‘నేను’, ‘అతడు’ రూపాలు ఒకటే కాబట్టి, అనుమానానికి తావుంటే కర్తను విడిగా చెప్పాలి. ఈ సూత్రం క్రమం తప్పిన క్రియలకూ పనిచేస్తుంది: తెనేర్ (కలిగి ఉండు) ‘వారు’ రూపం తుబ్యేరొన్ గనుక తుబ్యేర అవుతుంది.

ఊనిక ఆరింటిలోనూ ఒకే అక్షరం మీద నిలుస్తుంది. అందుకే రాతలో ‘మేము’ రూపానికి మాత్రమే అక్సెంట్ గుర్తు పెడతారు. ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. అబ్లార అంటే ఈ సబ్‌జంక్టివ్, అబ్లరా అంటే ‘మాట్లాడతాడు’ అనే భవిష్యత్తు. హ్రస్వదీర్ఘాల తేడా చెవికి అలవాటైన మనకు ఇది నిజానికి సులువుగానే పట్టుబడాలి.

ఇక చిక్కు దగ్గరకు వద్దాం. ‘బరంపురంలో ఉంటే రోజూ ఒడియా మాట్లాడతాను’ అన్నా, ‘బరంపురంలో ఉంటే రోజూ ఒడియా మాట్లాడేవాణ్ణి’ అన్నా మొదటి సగం మారలేదు. అది జరగని పని అన్న సూచన రెండో సగంలోనే ఉంది. ఒడియాలోనూ ‘కహుథాంతి’ (మాట్లాడేవాణ్ణి) అనేటప్పుడు ఆ ‘థాంతి’ ఫలితం చెప్పే సగంలో చేరుతుంది. స్పానిష్ మాత్రం రెండు సగాలకూ గుర్తు వేస్తుంది: సి బివ్యేర ఎన్ బరంపురం, అబ్లరీయ ఒడియా. ‘సి’ (ఒకవేళ) ఉన్న సగానికి ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్, ఫలితానికి ‘రీయ’తో ముగిసే కండిషనల్. మనవాళ్లు ‘థాంతి’ని ‘రీయ’తో సరిగానే పోల్చుకుంటారు గానీ, ‘సి’ సగాన్ని వర్తమానంలోనే వదిలేస్తారు, లేదా అక్కడ కూడా ‘రీయ’ పెట్టేస్తారు, రెండూ తప్పే. నిజంగా జరిగే అవకాశం ఉన్న షరతు అయితే ‘సి’ తరువాత మామూలు వర్తమానమే చాలు.

రెండో సందర్భం, ఒకరు మరొకరి చేత ఏదో చేయించాలని కోరడం. కోరిక భూతకాలంలో ఉంటే దాని వెనుక వచ్చే క్రియ ఈ రూపం ధరిస్తుంది: మి అబ్వేల కెరీయ కె యో కొమ్యేర మాస్, అంటే నేను ఇంకా తినాలని అమ్మమ్మ కోరుకునేది. అదే కోరిక వర్తమానంలో ఉంటే ‘కొమ్యేర’ స్థానంలో ‘కోమ’ అనే వర్తమాన సబ్‌జంక్టివ్ వస్తుంది.

‘కొమొ సి’ (అన్నట్టుగా) తరువాత మాత్రం ముందున్న క్రియ వర్తమానమైనా ఈ రూపమే రావాలి: ఆబ్ల కొమొ సి బివ్యేర అకీ, ఇక్కడే నివసిస్తున్నట్టు మాట్లాడతాడు.

పుస్తకాలలో అబ్లాసె, కొమ్యేసె వంటి ‘సె’ రూపాలు కూడా కనిపిస్తాయి. పైన చెప్పిన వాక్యాలన్నింటిలో అవి ‘ర’ రూపాలకు బదులుగా చెల్లుతాయి. అయితే మాటల్లో, ముఖ్యంగా లాటిన్ అమెరికాలో, ‘ర’ రూపాలే ఎక్కువ కాబట్టి ‘సె’ రూపాలను చదివి గుర్తుపట్టగలిగితే ప్రస్తుతానికి సరిపోతుంది.