సొంతంగా పెంచిన కోళ్లు, మేకల మాంసాన్ని ఊళ్లోనే అమ్మదలచినవారికి నిబంధనలు

ఇంటి దగ్గర నాటుకోళ్లనో, నాలుగైదు పొట్టేళ్లనో పెంచి చుట్టుపక్కలవారికే అమ్మదలచినవారు వాటిని ప్రాణంతో అమ్ముతారా, కోసి మాంసంగా అమ్ముతారా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ప్రాణంతో అమ్మినంతవరకు అది పశుపోషణగానే ఉంటుంది. కోసి అమ్మడం మొదలుపెడితే మాత్రం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వర్తిస్తుంది.

2011లో వచ్చిన నిబంధనల ప్రకారం రోజుకు 50 కోళ్లు లేదా 10 మేకలు, గొర్రెలు మించకుండా కోసేవారు చిరు వ్యాపారుల కిందికి వస్తారు. వారికి లైసెన్సు అక్కరలేదు, ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నడిపే ఫాస్కోస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే చాలు. ఆ సంఖ్య దాటితే లైసెన్సు తప్పనిసరి. నమోదు పత్రాన్ని అందరికీ కనిపించేలా దుకాణంలో పెట్టాలి. పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి దీనికి అదనం.

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది కోసే చోటు విషయం. కోడిని కొనేవారి కళ్లెదుటే కోయడం మనకు ఎంత అలవాటైనా, మాంసం దుకాణాల ప్రమాణాలు దుకాణం లోపల కోయడాన్ని నిషేధిస్తున్నాయి. రక్తం, ఈకలు, పేగులు పడే చోటు, మాంసం ముక్కలు కొట్టే చోటు వేరువేరుగా ఉంటేనే సూక్ష్మక్రిములు ఒకదాని నుంచి మరొకదానికి పాకకుండా ఉంటాయి. మునిసిపల్ ప్రాంతంలో మేకలను, గొర్రెలను గుర్తింపు పొందిన కబేళాలోనే కోయించాలి. చూడితో ఉన్నవాటిని, మూడు నెలలలోపు పిల్ల ఉన్న తల్లులను, పశువైద్యుడు పరీక్షించి ధ్రువీకరించనివాటిని కోయకూడదని, ఒక జీవం చూస్తుండగా మరొకదాన్ని కోయరాదని 2001 నాటి కబేళా నిబంధనలు చెబుతున్నాయి. ఈ చివరి నియమాన్ని చట్టం కోసమే కాక, మనం పెంచిన జీవం పట్ల బాధ్యతగా కూడా పాటించాలని నా అభిప్రాయం.

దుకాణం ప్రార్థనా స్థలానికి కనీసం 50 మీటర్ల దూరంలో, దాని ప్రధాన ద్వారానికి ఎదురుగా ఉంటే 100 మీటర్ల దూరంలో ఉండాలి. గోడలకు ఐదడుగుల ఎత్తు వరకు నీరు పీల్చని పూత లేదా పలకలు, నీరు నిలవకుండా వాలుగా ఉన్న నేల, ఈగలు రాకుండా ఏర్పాటు అవసరం. మాంసాన్ని 4 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచే అలమారా ఉండాలి, 48 గంటలకు మించి నిల్వ చేయదలిస్తే ఫ్రీజర్ కావాలి. మన ఎండల్లో ఉదయం కోసిన మాంసాన్ని మధ్యాహ్నం దాకా కొక్కేనికి వేలాడదీయడం ఎంతమాత్రం తగదు. కోసిన మాంసాన్ని తెరిచి ఉంచిన బుట్టల్లోనో, మనుషులు ప్రయాణించే ఆటోల్లోనో తీసుకురాకూడదు. లోపల రేకు తాపడం చేసిన మూత పెట్టెల్లో తేవాలి.

ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించాలి. గాంధీ జయంతి, మహావీర్ జయంతి వంటి రోజుల్లో స్థానిక సంస్థ మూసివేత ఆదేశాలిస్తే పాటించాలి.

కోళ్లకు మందు వాడితే, అది ఆపిన తరువాత వేచి ఉండవలసిన గడువు సీసా మీద రాసి ఉంటుంది. ఆ గడువు ముగిసేదాకా వాటిని కోయకూడదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జీవాలకు వాడడాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు, వ్యాధి సోకిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు వరకు ఆంక్షలు, పది కిలోమీటర్ల వరకు నిఘా అమలయ్యాయి. కోళ్లు ఒక్కసారిగా చనిపోవడం మొదలైతే, మిగిలినవాటిని తొందరపడి కోసి అమ్మకుండా, చనిపోయినవాటిని ముట్టుకోకుండా, వెంటనే దగ్గరలోని పశువైద్యశాలకు తెలియజేయాలి.