పిల్లలకు లిజనింగ్ థెరపీ (ఆటిజం, శబ్దాలతో ఇబ్బంది లాంటివి ఉన్న పిల్లలకు హెడ్‌ఫోన్స్‌లో ప్రత్యేకంగా మార్చిన సంగీతం వినిపించే పద్ధతి) మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

– ముందు చెవుల పరీక్ష. గులిమి గట్టిపడినా, చెవిలో చీము ఉన్నా అవి తగ్గాకే హెడ్‌ఫోన్స్ పెట్టాలి.

– ఫిట్స్ వచ్చిన పిల్లలైతే న్యూరాలజిస్టును అడగకుండా మొదలుపెట్టవద్దు.

– వాల్యూమ్ విషయంలో మొహమాటం వద్దు. పిల్లలకు వారానికి 40 గంటలైతే 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. థెరపీకి అంతకన్నా తక్కువే చాలు. హెడ్‌ఫోన్స్ మీరు పెట్టుకుని విని, తర్వాతే పిల్లలకు పెట్టండి. కుడి, ఎడమ గుర్తులు చూసుకోండి. బేస్ బూస్ట్, నాయిస్ క్యాన్సిలింగ్ ఆపేయండి.

– కొందరికి శబ్దం కన్నా తల మీద ఆ పట్టీ ఒత్తిడే ఎక్కువ బాధ. రెండు మూడు రోజులు పాట లేకుండా ఉత్త హెడ్‌ఫోన్స్‌తోనే ఆడుకోనివ్వండి.

– పిల్లాడు చెవులు మూసుకున్నా, ముఖం పాలిపోయినా, వాంతి వచ్చేలా ఉందన్నా వెంటనే ఆపండి. "ఇంకో ఐదు నిమిషాలే" అని బతిమాలకండి. నిద్ర, చిరాకు ఎలా ఉన్నాయో రోజూ రాసి థెరపిస్టుకు చూపించండి.

– ఈ థెరపీతో పిల్లల సమస్య పూర్తిగా నయమవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. దీనికి శాస్త్రీయ ఆధారాలు ఇంకా బలంగా లేవు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేది) మాన్పించవద్దు.