మంచులో పరుగు: నీళ్ల గొట్టం గడ్డకట్టకుండా ఏం చేశానంటే

చలికాలం అమెరికాలోని బౌల్డర్‌లో మీసా ట్రెయిల్ అనే కొండదారి మీద పరిగెత్తేవాళ్లకు ఈ తలనొప్పి తెలిసే ఉంటుంది, వీపు మీద సంచిలో నీళ్లు బాగానే ఉంటాయి కానీ నోటికొచ్చే గొట్టం బిగుసుకుపోయి ఎంత పీల్చినా చుక్క రాదు. గొట్టం సన్నం, నీళ్లు అందులో కదలకుండా ఉంటాయి, చల్లగాలి తగులుతూనే ఉంటుంది, అందుకే ముందు అదే గడ్డకడుతుంది.

గొట్టానికి తొడుగు వేశాను, గడ్డకట్టడం కాస్త ఆలస్యమైంది తప్ప ఆగలేదు. నిజంగా పనిచేసింది ఏంటంటే, తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గట్టిగా ఊది, మిగిలిన నీళ్లను సంచిలోకి తోసేయడం. మూతి దగ్గరి రబ్బరు వాల్వ్‌లో చుక్క మిగిలినా మూసుకుపోతుంది కాబట్టి దాన్ని జాకెట్ లోపలికి దోపుకుంటాను.

మరీ చలిగా ఉంటే సంచి వద్దు. గోరువెచ్చటి నీళ్లు బాటిల్‌లో పోసి, మూత గట్టిగా బిగించి తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది, అంటే అప్పుడు బాటిల్ అడుగు వైపు, మూత మాత్రం తెరుచుకుంటుంది.

చలిలో దాహం తెలియదు, అయినా తాగాలి, ఎందుకంటే పొడిగాలికి ఊపిరితోనే బోలెడు నీరు పోతుంది. ఇక బూట్లకు మైక్రోస్పైక్స్, అంటే జారకుండా అడుగున తగిలించుకునే చిన్న లోహపు ముళ్లు, తప్పనిసరి, పగలు కరిగింది రాత్రికి గట్టి ఐసవుతుంది, చెట్ల నీడలో మరీనూ. కాటన్ బట్టలు మాత్రం అస్సలు వద్దు, చెమటకు తడిసి ఆరవు, ఆగిన మరుక్షణం వణుకు పుడుతుంది.