పెద్ద జబ్బు నుంచి బయటపడ్డాక మనవరాల్ని ఎత్తుకోవడం ఎలా

కీమో అయిపోయిన ఎనిమిది నెలలకి అమ్మమ్మనయ్యాను. ఇది టైప్ చేస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది, సర్జరీ ముందు రోజు రాత్రి నేనేసుకున్న లెక్కలే వేరు మరి. సరే అదటుంచి, నాలాగే ట్రీట్‌మెంట్ అయ్యి పసిబిడ్డ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు డాక్టర్‌ని అడగండి, డెలివరీ దాకా ఆగొద్దు. తెల్లకణాల కౌంట్ ఎలా ఉంది, నేను ఏ టీకాలు వేయించుకోవచ్చు అని. కోరింత దగ్గు టీకా అయితే బిడ్డని చూడ్డానికి కనీసం 2 వారాల ముందే పడాలి. ఫ్లూ టీకా పిల్లలకి 6 నెలలు నిండేదాకా వెయ్యరు కాబట్టి అది వేయించుకోవాల్సింది మనమే. పిల్లలకి విరేచనాలు రాకుండా వేసే రోటావైరస్ చుక్కలు పడ్డాక కొన్నాళ్ళు ఆ వైరస్ బిడ్డ మలంలో వస్తుంటుంది, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్ళు డైపర్ల పని వేరేవాళ్ళకి వదిలేయండి, నేనైతే హాయిగా వదిలేశా. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ (ఒంట్లోంచి కొన్నాళ్ళు రేడియేషన్ వచ్చే మందు) తీసుకున్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పినన్ని రోజులూ దూరంగా ఉండాల్సిందే, ఒక్క ముద్దేగా అనుకోవద్దు.

ఇక ఎత్తుకోవడం. రొమ్ము సర్జరీలో చంకలో లింఫ్ నోడ్స్ (ఇన్ఫెక్షన్లని అడ్డుకునే చిన్న గ్రంథులు) తీసేస్తే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది, ఒక్కసారిగా వంగి బరువు లేపకండి. కూర్చోండి, ఒళ్ళో దిండు పెట్టుకోండి, బిడ్డని తెచ్చి ఇమ్మనండి, తల మోచేతి వంపులోకి వచ్చేలా. అప్పుడే పుట్టిన పిల్లలకి 20-30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త బాగా కనిపిస్తుందట, ఒళ్ళో పడుకుంటే సరిగ్గా అక్కడుండేది మన మొహమే కదా.

కీమో వల్ల నా వేళ్ళ చివర్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. మొదటి వారంలో పాప చొక్కాకి గుండీ పెడదామని కూర్చున్నా, అది వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో కూడా తెలీట్లేదు, పాపేమో కాళ్ళు తన్నుతోంది, నాకు కళ్ళల్లో నీళ్ళు. మా అమ్మాయి చూసింది, ఏమీ అన్లేదు, మర్నాటికి అన్నీ టిచ్ బటన్ల చొక్కాలు తెచ్చిపెట్టింది. స్నానం నీళ్ళు కూడా ఇలాంటి వేళ్ళతో చూడకండి, వేడి తెలీదు. మోచేత్తో చూడండి, థర్మామీటర్ ఉంటే 37-38 డిగ్రీలు చాలు.

అలసటొస్తే దాచకుండా చెప్పేయండి. ముఖ్యంగా బిడ్డని పట్టుకుని సోఫాలో కునుకు తీయొద్దు, పసిపిల్లలకి ఊపిరాడక ప్రాణం మీదికొచ్చే చోటది. కళ్ళు మూతలు పడుతుంటే ఎవరికైనా ఇచ్చేయండి, లేదా పాప మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టేయండి. మాత్రల డబ్బా ఇప్పట్నుంచే పైకెక్కించండి, పాకడం ఎప్పుడు మొదలెడతారో చెప్పలేం.

వచ్చే నెల నాకు స్కాన్ ఉంది. భయంగా ఉందే అంటే మా అమ్మాయి "నువ్వు తిరిగొచ్చేదాకా దీన్ని నిద్రపోనివ్వనులే అమ్మా" అంది. ఆ పని దానివల్ల కాదు, నాకు తెలుసు.