మెడలో బిళ్లలు, జ్వరం, దానికి తోడు మనిషి తీరే మారిపోతే ఏం చెయ్యాలి

మా పిన్ని కూతురికి మెడ పక్కన బిళ్లలు కట్టి రోజూ సాయంత్రానికి జ్వరం వచ్చేది, సూది పరీక్ష చేసి టీబీ అనుమానమని కోర్సు మొదలెట్టారు, తర్వాత చూస్తే అర్ధరాత్రి లేచి గిన్నెలు లెక్కపెడుతూ గోడవతల ఎవరో తన గురించే మాట్లాడుతున్నారంటోంది. ఇంట్లో ఒకరు గాలి సోకిందన్నారు, ఇంకొకరు సంబంధం తప్పిన దిగులన్నారు. చివరికి బిళ్ల మొత్తం తీసి ముక్క పరీక్షకి (బయాప్సీ) పంపితే కికుచి జబ్బని, అంటే లింఫ్ గ్రంథులు వాచే జబ్బని తేలింది.

1972లో జపాన్ డాక్టర్లు కికుచి, ఫుజిమోటో విడివిడిగా రాసిన జబ్బిది. ఎక్కువగా 40 లోపు వాళ్లకి వస్తుంది, క్యాన్సర్ కాదు, అంటుకోదు, చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. అరుదుగా మెదడుకి వాపొస్తే మాత్రం కంగారు, అనుమానం, లేని మాటలు వినపడటం లాంటివి మొదలవ్వచ్చు.

మీరు ముందు చెయ్యాల్సింది తారీఖులు రాయడం. బిళ్లలు ఎప్పుడు కట్టాయి, ఏ మాత్ర ఏ రోజు మొదలైంది, నిద్ర ఎప్పుడు చెడింది. ఎందుకంటే టీబీ కోర్సులోని ఐసోనియాజిడ్ కూడా కొందరికి మతి తప్పిస్తుంది, వాపుకిచ్చే స్టెరాయిడ్ కూడా, ముఖ్యంగా డోసు ఎక్కువైతే. మేమంతా మాత్రలనే తిట్టుకున్నాం, తీరా ఆ పిల్ల ఫోన్ చూస్తే మొదటి మాత్రకి నాలుగు రోజుల ముందే "అక్కా నన్నెవరో చూస్తున్నారు" అని ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టింది. ఆ ఒక్క మెసేజ్ చూపించాకే డాక్టర్ వెన్నులోంచి నీరు తీయించారు, ఎమ్మారై రాశారు.

అనుమానమున్నా మాత్రలు మీరే ఆపెయ్యకండి, స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ఇంకో ప్రమాదం, రాసిన డాక్టర్‌కే ఫోన్ చెయ్యండి. సైకియాట్రిస్ట్ దగ్గరికి తప్పకుండా వెళ్లండి, కానీ బయాప్సీ రిపోర్ట్ జిరాక్స్ చేతిలో పెట్టుకుని వెళ్లండి, లేకపోతే జ్వరం సంగతి, బిళ్లల సంగతి ఎవరూ అడగకపోవచ్చు. ఇంట్లో గోడవతల ఎవరూ లేరని వాదించొద్దు, భయమేస్తోందా అని అడిగి పక్కన కూర్చోండి. మాత్రల డబ్బా మీ దగ్గరే ఉంచుకోండి.

ఫిట్స్, మెడ బిగుసుకుపోయి తలనొప్పి, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, చచ్చిపోతాననడం, వీటిలో ఏదున్నా తెల్లారే దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మాట సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ఇంకోటి, ఈ జబ్బు వచ్చిన కొందరికి తర్వాత లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు) బయటపడుతుంది, అది కూడా మనసుని కదిపేదే, అందుకే తగ్గాక కూడా ఏఎన్ఏ టెస్ట్ (లూపస్ అనుమానానికి చేసే రక్త పరీక్ష) మళ్లీ ఎప్పుడు చేయించాలో అడిగి పెట్టుకోండి, మేం క్యాలెండర్ మీద రాసుకున్నాం.